బ్రేకు లేని బండి

బీదరులో కాపురమున్న వారికి తలయెత్తి ఆకాశం చూడటం క్రొత్త కాదు. వైమానిక దళంవారి శిక్షణ కేంద్రం మన ఊళ్ళోనే ఉన్నది. సూర్యకిరణ్ జట్టు 1996లో పుట్టినది ఇక్కడే. 2008 నుంచి హాక్ విమానాలు మన డాబాల మీదుగా మోత పెట్టుకుంటూ పోతున్నవి. అయినా నలభై దాటిన గుమాస్తా విమానం నడపటమన్నది ఎక్కడైనా ఉన్నదా? ఇప్పుడున్నది. అదీ విమానం కాదు, అంతరిక్ష నౌక. ఇంట్లో కుర్చీలో కూర్చునే.

ఆట పేరు ‘ఎలీట్ డేంజరస్’. 2014లో వచ్చినది. దీని తాతగారు ‘ఎలీట్’ 1984 నాటిది; ఇంగ్లండులో ఇద్దరు విద్యార్థులు వ్రాసినారు. మా ఇంట గురువుగారు తొమ్మిదో తరగతి చదివే మా అమ్మాయి.

నడిపే పనిముట్టును గేమ్‌ప్యాడ్ అంటారు. రెండు చేతులా పట్టుకుంటే రెండు బొటనవేళ్ళ క్రింద రెండు చిన్న పిడులుంటవి. పిడిని మనవైపు లాగితే నౌక ముక్కు పైకి లేస్తుంది; నిజం విమానాలలోనూ అంతే. పనులు బోలెడు, బొత్తాలు కొన్నే. అందుచేత ఒక బొత్తాము నొక్కిపట్టి ఇంకొకటి నొక్కితే వేరే పని జరిగేటట్లు పెట్టినారు. టైపు మిషను మీద షిఫ్టు కీ అలవాటున్న వారికి ఇది చిటికెలో పట్టుబడుతుంది. ఈ సంగతిలో మేము పిల్లల కంటె ముందే ఉన్నామని చెప్పుకొనవచ్చును.

అసలు చిక్కు వేళ్ళలో లేదు, అలవాటులో ఉన్నది. స్కూటరు మీద చేయి వదిలితే బండి తనంతట నెమ్మదిస్తుంది. అక్కడ గాలి లేదు, నేల లేదు. ఒకసారి ముందుకు తోస్తే అలా పోతూనే ఉంటుంది. ఆగవలెనంటే ఎంత తోసినామో అంతా వెనుకకు తోసి తీర్చవలసిందే, జమాఖర్చు సరిచూసినట్లు. ఆటలో మామూలుగా ఈ లెక్క ఒక యంత్రమే చూసుకుంటుంది. దానిని ఆపివేయవద్దంటారు అనుభవజ్ఞులు. మా అభిప్రాయం వేరు. అరగంటైనా ఆపి చూడవలె, అప్పుడు గదా తెలిసేది!

ఇది ఆటలో మాటే కాదు. మన ఇస్రోవారు 2024 డిసెంబరు 30న శ్రీహరికోట నుంచి రెండు చిన్న ఉపగ్రహాలను పంపినారు. వాటిని మూడు మీటర్ల దగ్గరకు తెచ్చి, మళ్ళీ వెనుకకు జరిపినారు. తొందరపడలేదు. 2025 జనవరి 16న గాని రెండూ కలుసుకొనలేదు. ఆ వార్త చదివినప్పుడు మూడు మీటర్లేనా అనుకున్నవాళ్ళం, ఇప్పుడు అమ్మో మూడు మీటర్లే అంటున్నాము.

ఇంకొక సంగతి. మా అమ్మాయికి బడిలో కన్నడం, బజారులో దక్కనీ, స్నేహితులతో ఇంగ్లీషు. తెలుగు ఇంట్లో అన్నం దగ్గర మాత్రమే. అదీ ‘చాలు’, ‘వద్దు’, ఈ రెండు మాటలే. మాకు నేర్పవలసి వచ్చేసరికి ఆ రెండు మాటలూ చాలలేదు. వాళ్ళ నాయనమ్మను అడిగి అడిగి మాటలు తెచ్చుకొన్నది. ‘పిచ్’ అంటే ‘ముక్కు ఎత్తు, ముక్కు దించు’. ‘రోల్’ అంటే ‘దొర్లు’. ముఖం తిప్పకుండానే పక్కకు పోవటాన్ని ఏమనవలె? నాయనమ్మ తడుముకొనకుండా ‘జరుగు’ అన్నది. బస్సులో ‘కొంచెం జరుగమ్మా’ అంటామే, అచ్చంగా అదే! ఇప్పుడు రాత్రిపూట మా ఇంట ‘నాన్నా, జరుగు, జరుగు, ఇక దొర్లకు’ అన్న కేకలు. ప్రక్కింటివారు ఏమనుకుంటున్నారో!

‘యా’ అన్నదానికి మాత్రం మాట కుదరలేదు. ఒరగకుండా, ముక్కు ఎత్తకుండా, ఉన్నచోటనే కుడికో ఎడమకో ముఖం తిప్పటమన్న మాట. ‘తిరుగు’ అంటే ఊళ్ళు తిరిగినట్లుంటుందని అమ్మాయి ఒప్పుకొనలేదు. పాఠకుల ఇళ్ళలో పెద్దవారికెవరికైనా మంచి మాట తోస్తే ఒక కార్డు ముక్క వ్రాయ ప్రార్థన.