చప్పట్లు ఎప్పుడు కొట్టాలి వదినగారూ?

రెండేళ్ళ కిందట పుష్యమాసంలో ఓ సాయంత్రం మా ఎదురింటావిడ వచ్చి గుమ్మంలోనే నిలబడింది. వాళ్ళ పెద్దమ్మాయి సంగీతం నేర్చుకుంటోంది. సరళీ స్వరాలు, జంట స్వరాలు అయ్యి గీతాల్లోకి వచ్చింది.

"బెజవాడలో త్యాగరాజ ఆరాధనోత్సవాలట. ఒక్క కచేరీ అయినా వినిపించుకు రమ్మని టీచరుగారు పోరుతున్నారు వదినగారూ. నాకేమో భయంగా ఉంది" అంది.

"పాట వినడానికి భయమెందుకమ్మా?"

"అక్కడికి అన్నీ తెలిసినవాళ్ళే వస్తారు కదా. ఎప్పుడు చప్పట్లు కొట్టాలో, ఎప్పుడు లేవాలో నాకేం తెలుసు? అందరూ తొడమీద తాళం వేస్తుంటే నేను గుడ్లప్పగించి కూర్చోవాలా?"

సీతమ్మ జాడ రాముడు విన్న కొండ కనక వినుకొండ అయిందంటారు మన పెద్దవాళ్ళు. వినడాన్ని పేరులోనే పెట్టుకున్న ఊరివాళ్ళం, మనకి భయమేమిటి అని నవ్వాను గానీ, ఆవిడది ఒక్కదాని భయం కాదని నాకూ తెలుసు. ఆమెకు చెప్పిన మాటలే ఈ వారం మీకూ చెబుతున్నాను.

ముందు మనకున్న సుళువు చూడండి. త్యాగరాజస్వామి (1767-1847) కావేరి ఒడ్డున తిరువయ్యారులో కూర్చుని పాడుకున్నా, చాలావరకు తెలుగులోనే పాడుకున్నాడు. పంచరత్న కీర్తనల్లో నాట రాగంలోది సంస్కృతం. గౌళ, ఆరభి, వరాళి, శ్రీరాగాల్లోవి నాలుగూ తెలుగే. చెన్నైలో డిసెంబరు సభల్లో కూర్చునేవాళ్ళలో చాలామందికి ఆ మాటల అర్థం ఎవరో విడమరిచి చెప్పాలి. మీకు ఆ అవసరం లేదు. రాగం పేరు తెలియకపోతే పోయె, ఆయన రాముణ్ణి బతిమాలుతున్నాడా, అలిగాడా, దెప్పుతున్నాడా అన్నది మాట చెవిన పడగానే తెలిసిపోతుంది.

ఇక ప్రయాణం సంగతి. మన ఊరి నుంచి వెళ్ళేవాళ్ళకి అసలు బెంగ తిరుగు బస్సు. అందుకని ముందు వరసలో సీటు దొరికినా ఆశపడకండి. తలుపు దగ్గరగా, వరస చివర్లో కూర్చోండి. పావుగంట ముందే చేరండి. ఆలస్యమైతే లోపల పాట నడుస్తున్నంతసేపూ గుమ్మం దగ్గరే ఆగి, అది అయ్యాక గబగబా వెళ్ళి కూర్చోండి. వెళ్ళిపోవాల్సి వచ్చినా అంతే, పాటకీ పాటకీ మధ్య లేవండి. పట్టుచీరే కట్టుకోవాలన్న నియమం లేదు. చాలాచోట్ల కింద జంపఖానాలే పరుస్తారు. కాళ్ళు ముడుచుకుని రెండు గంటలు కూర్చోగలిగే బట్టలైతే చాలు.

పిల్లల్ని తీసుకెళ్ళవచ్చా అంటే, తప్పకుండా తీసుకెళ్ళండి. మంగళంపల్లి బాలమురళీకృష్ణ ఎనిమిదేళ్ళ వయసులో విజయవాడ త్యాగరాజ ఆరాధనలోనే పూర్తి కచేరీ చేశారు. ఆ వయసు పిల్లవాడు పాడగలిగినచోట మన పిల్లలు గంటసేపు వినలేరా? ముందే కడుపు నిండా పెట్టి తీసుకెళ్ళండి. ఒళ్ళో చిప్స్ పొట్లం మాత్రం పెట్టకండి. ఆ కవరు చప్పుడు తంబురా శ్రుతి కన్నా దూరం పోతుంది. వాడు పేచీ మొదలుపెడితే బుజ్జగిస్తూ కూర్చోకుండా బయటికి తీసుకెళ్ళండి. ఎవరూ ఏమీ అనుకోరు. బుజ్జగింపే ఎక్కువ వినబడుతుంది.

సెల్‌ఫోను ఆపెయ్యండి. ఫొటో కావాలంటే మొదట్లో ఒక్కటి, అదీ ఫ్లాష్ లేకుండా. కచేరీ అంతా చెయ్యి పైకెత్తి వీడియో తీసేవాళ్ళని చూస్తే నాకు వాళ్ళ వెనక కూర్చున్నవాళ్ళ మీద జాలేస్తుంది. ఇక దగ్గు. అది మిరప కోతల కాలం, మన ఇళ్ళలో అందరి గొంతులూ గరగరే. నాలుగు పటికబెల్లం పలుకులు చేతిరుమాల్లో మూటగట్టుకోండి. కాగితం చుట్టిన బిళ్ళలు వద్దు, విప్పేటప్పుడు కరకరమంటాయి.

ఇప్పుడు ఆవిడ అడిగిన అసలు ప్రశ్న. ఈనాటి కచేరీ వరసని స్థిరపరిచింది అరియక్కుడి రామానుజ అయ్యంగార్ (1890-1967) అంటారు. మొదట వర్ణం, తర్వాత రెండు మూడు చిన్న కీర్తనలు, ఆ పైన ఒక పెద్ద కీర్తన. దానికి ముందు గాయకుడు మాటలు లేకుండా రాగాన్ని విస్తరిస్తూ పోతాడు. అదే ఆలాపన. ఆయన ముగించగానే చప్పట్లు కొట్టవచ్చు. వెంటనే వయొలిన్ విద్వాంసుడు అదే రాగాన్ని తన చేతిలోకి తీసుకుంటాడు. ఆయన ముగించినప్పుడూ అంతే గట్టిగా కొట్టండి. గాయకుడికి మోగించి వయొలిన్‌కి మానెయ్యడం విందులో ఒక విస్తరికే నెయ్యి వడ్డించినట్టుంటుంది. పాట ముగిసినప్పుడు కొట్టడం మామూలే. ఎక్కడ ముగిసిందో తేలకపోతే ముందు వరసలోని పెద్దవాళ్ళని చూసి ఒక్క క్షణం ఆగండి. మధ్యలో మనసుకి తగిలినచోట "ఆహా" అనవచ్చు, తల ఊపవచ్చు. గాయకులు దాన్ని కోరుకుంటారు కూడా.

తాళం వెయ్యాలని ఉంటే ఆది తాళం నేర్చుకోండి, ఎక్కువగా వినబడేది అదే. ఒక దెబ్బ, తర్వాత చిటికెనవేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు. ఆ తర్వాత దెబ్బ, అరచెయ్యి తిప్పడం, మళ్ళీ దెబ్బ, మళ్ళీ తిప్పడం. మొత్తం ఎనిమిది. చప్పుడు కాకూడదు, మీ తొడ మీదే వేసుకోవాలి, పక్కావిడ కుర్చీ మీద కాదు. తప్పితే ఆపెయ్యండి, ఎవరూ లెక్కపెట్టరు.

ఇక నేను చేసిన తప్పు. చాలా ఏళ్ళ కిందట గుంటూరులో ఓ కచేరీకి వెళ్ళాం. మావారు, ఇద్దరు పిల్లలు, మా అక్క, నేను, మూడో వరసలో ఐదుగురం. పెద్ద కీర్తన మధ్యలో గాయకుడు పాడటం ఆపి మృదంగం వైపు చెయ్యి చూపించాడు. పాట అయిపోయింది, ఇక డప్పేగా అనుకుని ఐదుగురం లేచి కాఫీకి వెళ్ళాం. మాతో పాటు ఇంకో ముప్పైమంది లేచారు. కాఫీ దగ్గర ఓ పెద్దాయన, బహుశా బడి పంతులుగారు, గ్లాసు చేతిలో పట్టుకుని కూడా తాగకుండా లోపలికే చెవి పెట్టి నిలబడ్డారు. మమ్మల్ని చూసి, "ఇందాకటి నుంచీ వాళ్ళ పాటకి ఊడిగం చేశాడమ్మా. ఆయనకంటూ ఇచ్చింది ఈ పదినిమిషాలే" అన్నారు. వెనక్కి వచ్చి చూస్తే సగం కుర్చీలు ఖాళీ. మృదంగం ఆయన ఎదురుగా ఉన్న మా ఐదు ఖాళీ కుర్చీల్నే చూస్తూ వాయిస్తున్నాడు. ఆ చూపు నాకు ఇప్పటికీ గుర్తుంది.

దాన్ని తని ఆవర్తనం అంటారు. మృదంగం ఒక వరస వాయిస్తే ఘటమో కంజీరో ఉంటే అది జవాబు చెబుతుంది. వరసలు పొట్టివవుతూ పొట్టివవుతూ పోతాయి, ఇద్దరూ ఒకరి మాటని ఒకరు లాక్కుంటున్నట్టు ఉంటుంది. చివర అందరూ కలిసి ముక్తాయింపు వాయిస్తే గాయకుడు సరిగ్గా తను వదిలిన చోటే పాటని అందుకుంటాడు. ఆదితాళం వేళ్ళు వస్తే ఇక్కడే సరదా. ఎనిమిదిలో పెట్టి ఎన్ని రకాలుగా తిప్పినా మళ్ళీ ఎలా వచ్చి కలుస్తున్నారో మీ చేతికే తెలుస్తుంది. ఇంకే మర్యాద పాటించినా పాటించకపోయినా, తని మధ్యలో మాత్రం లేవకండి. కాఫీ ఎక్కడికీ పోదు.

తని అయ్యాక వచ్చేవన్నీ తేలికపాటి పాటలు. జావళి, తిల్లాన, అన్నమయ్య కీర్తన. ఫలానాది పాడమని చీటీ పంపాలంటే కార్యకర్త చేత ముందుగానే పంపండి. 'శంకరాభరణం' 1980లో వచ్చింది కానీ అందులో పాట పాడమని చీటీలు ఇప్పటికీ వస్తుంటాయి. సినిమా నాకూ ప్రాణమే, అయినా చీటీ వద్దు. మంగళం పాడేటప్పుడు చెప్పులు వెతుక్కోకండి. మధ్యలో శాలువాలు, ఉపన్యాసాలు ఉంటాయి. వాటికి నా దగ్గర మందు లేదు.

పంచరత్న గోష్ఠిగానం వేరు. అక్కడ అందరూ ఎదురెదురుగా కూర్చుని కలిసి పాడతారు. వచ్చినవాళ్ళు గొంతు కలపవచ్చు, అమ్మాయిని పుస్తకం పట్టుకుని కూర్చోబెట్టండి. మామూలు కచేరీలో మాత్రం మీకెంత బాగా వచ్చినా లోలోపలే పాడుకోవాలి.

ఇదంతా విని ఎదురింటావిడ, "మన ఊళ్ళో ఇన్ని మర్యాదలెక్కడ వదినగారూ, పెళ్ళిలో వాయిస్తుంటే మనమెవరం వింటాం" అంది. మాట తగిలింది. సన్నాయి మన నేల సొత్తు. ప్రకాశం జిల్లా కరవది గ్రామంలో 1924లో పుట్టిన షేక్ చినమౌలానా మన పక్కనే ఉన్న చిలకలూరిపేట ఆదం సాహెబు దగ్గర నాదస్వరం నేర్చుకున్నారు. తంజావూరు బాణీ కోసం తమిళదేశం వెళ్ళి శ్రీరంగంలో స్థిరపడ్డారు. 1998లో చెన్నై మ్యూజిక్ అకాడమీ ఆయనకి సంగీత కళానిధి ఇచ్చింది. అక్కడ ఆయన వాయిస్తుంటే నిశ్శబ్దంగా కూర్చుని విన్నారు. ఇక్కడ అదే వాద్యాన్ని పందిట్లో వంటల పక్కన కూర్చోబెట్టి, "గట్టిమేళం" అని అరిచేటప్పుడు తప్ప అటు తిరిగి చూడం. అయ్యగారు వేలు ఊపితే మొదలుపెట్టాలి, వీడియో ఆయన చెయ్యి చూపితే ఆపాలి. రాగం సగంలో ఉన్నా సరే.

ఆవిడ బెజవాడ వెళ్ళొచ్చింది. తని అయ్యేదాకా లేవలేదట, ఆఖరి బస్సు తప్పి చుట్టాలింట్లో పడుకున్నారట.

మాఘమాసంలో వాళ్ళ బావగారి కూతురి పెళ్ళికి మమ్మల్నీ పిలిచారు. నేను వెళ్ళేసరికి మేళం దగ్గర రెండు ప్లాస్టిక్ కుర్చీలు వేసుకుని తల్లీ కూతుళ్ళు కూర్చున్నారు. ఆ పిల్ల తొడమీద చిటికెనవేలు, ఉంగరపు వేలు, మధ్యవేలు మడుస్తోంది. సన్నాయి ఆయన ఓసారి ఆ చేతిని చూశాడు. డోలు ఆయనకేసి కళ్ళతోనే ఏదో చెప్పి, ఆ పిల్ల వైపు కొంచెం తిరిగి కూర్చుని, వాయించిన సంగతినే ఇంకోలా వాయించాడు.