రోగి ముందు పళ్ళెం పెట్టడమూ చికిత్సే

కీమోథెరపీ అనగానే కుటుంబాలు మందుల ఖర్చు గురించే ఆందోళన చెందుతాయి. రోగి ఏం తింటున్నారు, ఎన్ని నీళ్ళు తాగుతున్నారు అన్నది ఎవరికీ పట్టదు. రోగులకు తోడుగా ఆసుపత్రులకు తిరుగుతున్న మేము ఈ నిర్లక్ష్యపు ఫలితాలను కళ్ళారా చూస్తున్నాం.

గత రంజాన్‌లో మా బస్తీకి చెందిన ఒక తల్లి, కీమో ఎక్కించుకున్న మూడోనాడే రోజా పాటించింది. వాంతులు అవుతున్నా ఎవరికీ చెప్పలేదు. సాయంత్రానికి స్పృహ తప్పింది. సెలైన్‌తో ప్రాణం నిలిచింది గాని, తరువాతి విడత చికిత్స వాయిదా పడింది. ఎందుకిలా చేశావమ్మా అని అడిగితే, "అందరూ రోజాలో ఉంటే నా ఒక్కదాని కోసం పొయ్యి వెలిగించమని ఎలా అడగను?" అన్నది.

ఆ జవాబు మనందరినీ నిలదీస్తున్నది. దివ్య ఖుర్ఆన్ రెండవ సూరాలోని 184, 185 ఆయతులు రోగికి స్పష్టమైన మినహాయింపు ఇచ్చాయి. కోలుకున్నాక ఖజా ఉన్నది, కోలుకునే ఆశ లేనివారికి ఫిద్యా ఉన్నది. ధర్మం ఇచ్చిన వెసులుబాటును ఇంటి మొహమాటం లాగేసుకోవడం న్యాయమా?

వికారంగా ఉన్నప్పుడు కడుపునిండా తినమని బలవంతపెట్టరాదు. రెండు మూడు గంటలకొకసారి కొద్దికొద్దిగా ఇవ్వాలి. వేడి వంటల వాసన పడకపోతే చల్లార్చి పెట్టాలి. నోరు పూసినవారికి కారం, పులుపు మాని మెత్తని ఖిచిడీ, పెరుగన్నం, కారం లేని షోర్బా ఇవ్వవచ్చు. బాగా ఉడికిన గుడ్డు, పప్పు, చేప, కోడిమాంసం కండబలాన్ని కాపాడుతాయి. నీళ్ళు గుక్క గుక్కగా రోజంతా తాగించాలి. విరేచనాలైతే ఓఆర్ఎస్ పొట్లంపై రాసినంత నీటిలోనే కలపాలి. గుండె, మూత్రపిండాల జబ్బులున్నవారు ఎంత తాగాలో వైద్యుణ్ణే అడగాలి. రోగనిరోధక శక్తి తగ్గి ఉంటుంది గనుక బజారులో కోసి అమ్మే పండ్లు, పచ్చి ఆహారం వద్దు. మూత్రం ముదురు రంగుకు మారినా, తాగిన నీళ్ళు నిలవకపోయినా, జ్వరం 100.4 డిగ్రీలు దాటినా ఇంట్లో ఆగకుండా ఆసుపత్రికి చేర్చాలి.

ఈ మాటలు మావంటి వారు కాక ఆసుపత్రులే చెప్పాలి. కీమో వార్డులో ఆహార సలహాదారును నియమించాలని, తెలుగు, ఉర్దూ భాషలలో సూచనల పత్రం ఇవ్వాలని, తాగునీరు అందుబాటులో ఉంచాలని కోరడం భిక్ష కాదు, రోగి హక్కు. మసీదు కమిటీలు కూడా రంజాన్‌కు ముందు వచ్చే జుమా నాడు రోగుల మినహాయింపును గుర్తు చేయాలి.

అన్నిటికన్నా ముందు మన ఇళ్ళలో, రోగి అడగకముందే మధ్యాహ్నం పొయ్యి వెలగాలి.