అమలాపురం స్టేషను ఎక్కడ కట్టవలె?

కోటిపల్లి – నరసాపురం రైలుమార్గం 2000–01 బడ్జెట్టులో మంజూరైంది. అప్పటి లోక్‌సభ సభాపతి బాలయోగిగారు మా అమలాపురం ప్రతినిధి. ఆయన 2002 మార్చిలో హెలికాప్టరు ప్రమాదంలో గతించారు. సుమారు 57 కిలోమీటర్ల దారి. గౌతమి, వైనతేయ, వసిష్ఠ – మూడు పాయలనూ దాటవలె. పాతికేళ్ళు దాటినా అమలాపురంలో ఇంకా రైలుకూత వినబడలేదు. రైలే రానిది స్టేషను ఎక్కడన్న తగవు దేనికని మిత్రులు నవ్వవచ్చు, ఆలు లేదు చూలు లేదు కొడుకు పేరు సోమలింగమన్న సామెతనూ గుర్తు చేయవచ్చు. సామెత ఇక్కడ పొసగదు. కొడుకు పేరు నచ్చకపోతే మార్చుకోవచ్చును. కట్టిన స్టేషనును మార్చుకోవడం అసాధ్యం.

కాకినాడనే చూడండి. మద్రాసు – హౌరా ప్రధానమార్గం సామర్లకోట మీదుగా పోయింది. అంతటి రేవుపట్టణం శాఖామార్గంలో మిగిలిపోయింది. తమను ప్రధానమార్గంలో కలపమని అక్కడివారు దశాబ్దాలుగా మొరపెట్టుకుంటూనే ఉన్నారు. ఇక కోటిపల్లి సంగతి. 1928లో వేసిన కాకినాడ – కోటిపల్లి పట్టాలను యుద్ధకాలంలో, 1940లో, ఊడబెరికారు. 2004లో తిరిగి వేశారు. ఏటి ఒడ్డున ఆగిపోయే రైలును ఎవరెక్కుతారు? పట్టాల మీద రైలుబస్సు తిరిగింది, జనం మాత్రం రోడ్డు బస్సులోనే తిరిగారు.

స్టేషను ఊరికి ఆనుకొని ఉండాలని కొందరంటారు. 216 జాతీయ రహదారి ప్రక్కన, ఊరికి దూరంగా, స్థలం చవకగా దొరికే చోట ఉండాలని మరికొందరంటారు. ఈ రెండవ వాదంలో ప్రయాణికుని క్షేమం కంటే ప్లాట్ల బేరం ఎక్కువగా వినిపిస్తుందని నా అనుమానం. బస్టాండు నుండి స్టేషనుకు ఆటోవాడికిచ్చేది రైలు టిక్కెట్టు కంటే ఎక్కువైతే ముసలివాళ్ళు, చదువుకొనే పిల్లలు ఆ రైలు ముఖం చూడరు. ఇప్పటిలాగే రాజమండ్రి బస్సెక్కి అక్కడే రైలు పట్టుకుంటారు.

అయితే దూరం కంటే ముందు చూడవలసినది నీటివాలు. ఇది మా సీమకు ప్రత్యేకమైన చిక్కు. సప్తగోదావరులలో కౌశిక ఒకటని పిల్లలకు పాఠం చెప్పేవాణ్ణి. నేడు అమలాపురం వారికి కౌశిక అంటే మురుగుకాలువ! ఆ పేరుకు పట్టిన గతి అలా ఉంచండి, పొలాల నీరు సముద్రం చేరవలసినది ఇటువంటి కాలువల ద్వారానే. అవి పూడిపోయి చేలు మునగడం 2011లో మా రైతులు ఖరీఫ్‌కు పంట విరామం ప్రకటించడానికి ఒక కారణం. గిట్టుబాటు ధర లేకపోవడం, కూలీల కొరత సరేసరి. 2022 జూలై వరదలలో లంకలు ఎలా మునిగాయో చూశాము. ఈ పల్లపు నేల మీద రైలు కట్ట వేయడమంటే నీటికి అడ్డంగా గోడ కట్టడమే. స్టేషను దగ్గర ఆ గోడ నాలుగైదు పట్టాల వెడల్పున పెరుగుతుంది. తూములు చాలినన్ని, చాలినంత వెడల్పున లేకపోతే, ఎగువ చేలు ఏటా చెరువులవుతాయి. అందుచేత కాలువకు దూరంగా, మెరక మీద, ఊరికి వీలైనంత దగ్గరగా ఉండే చోటు వెదకవలె. ఈ మూడూ ఒక్కచోట కుదరకపోతే ఊరికి దగ్గరతనాన్ని కొంత వదులుకోవచ్చును, మెరకను మాత్రం వదులుకోరాదు.

సరుకుల సంగతిని ఎవరూ ఎత్తరేమో నాకు తెలియదు. అంబాజీపేట నుండి కొబ్బరి లారీలలోనే ఉత్తరాదికి పోతున్నది. గూడ్సు షెడ్డుకు, లారీలు తిరిగే దారికి స్థలం ఇప్పుడే వదలకపోతే తరువాత ఆ చోట ఇళ్ళు లేస్తాయి. ప్రయాణికుల స్టేషనూ, గూడ్సు షెడ్డూ ఒకే చోట ఉండాలన్న నియమమేమీ లేదు. షెడ్డును అంబాజీపేట దారికి అందుబాటులో పెట్టి, స్టేషనును జనానికి దగ్గరగా ఉంచవచ్చును. ఏ చోటు ఎంచినా, భూమి కొలిచే ముందు ఆ పటాన్ని మురుగుకాలువల ఇంజనీరుకు చూపించి, వర్షాకాలంలో ఒక్కమారు అక్కడికి తీసుకువెళ్ళి నిలబెట్టండి. వేసవిలో చూస్తే కోనసీమ అంతా మెరకే.