పులి తన ఫోటో తానే తీసుకుంటుంది

పిల్లలూ!

మొన్న వేసవి సెలవుల్లో మా మనవడు కరీంనగరం వచ్చాడు. వాడు ఆరో తరగతి చదువుతున్నాడు. వాడికి పగలూ రాత్రీ ఒకటే ధ్యాస. టెలివిజన్‌లో ఆఫ్రికా సింహాలనూ, జిరాఫీలనూ చూడటం, "తాతా, నన్ను ఆఫ్రికా సఫారీకి తీసుకుపో. నేను సింహానికి ఫోటో తీస్తాను," అనటం.

"సఫారీ అంటే ఏమిటో తెలుసునా?" అని అడిగాను. తెలియదన్నాడు. తూర్పు ఆఫ్రికాలో మాట్లాడే స్వాహిలీ భాషలో సఫారీ అంటే ప్రయాణం.

"అయితే మన ప్రయాణం జన్నారం నుంచే మొదలుపెడదాం," అన్నాను.

జన్నారం మంచిర్యాల జిల్లాలో వున్నది. దాని పక్కనే కవ్వాల్ అడవి. 1965లో ఈ అడవిని వన్యమృగ సంరక్షణ కేంద్రం చేశారు. 2012లో దీన్ని పులుల అభయారణ్యంగా ప్రకటించారు. ఎటు చూసినా టేకు చెట్లు, వెదురు పొదలు. కడెం వాగు ఈ ప్రాంతపు నీళ్ళను తీసుకుపోయి గోదావరిలో కలుపుతుంది.

తెల్లవారుజామున జీపు ఎక్కాం. దారి చూపటానికి అటవీశాఖలో కావలి పని చేసే గోండు పెద్దాయన ఒకరు మాతో వచ్చారు. కొంత దూరం పోయేసరికి దుప్పుల మంద ఒకటి దారి దాటుతూ కనిపించింది. అంతే! మావాడు లేచి నిలబడి, "అదుగో తాతా, దుప్పులు!" అని కేక పెట్టాడు. ఒక దుప్పి కీచుమని అరిచింది. రెప్పపాటులో మంద మాయమయింది. వాడు సెల్‌ఫోన్‌లో తీసిన ఫోటోలో ఒక పొదా, ఒక తోకా మిగిలాయి.

పెద్దాయన నవ్వి, "బాబూ, అడవిల నువ్వు ఒక్క జంతువును చూసేలోపల నిన్ను వంద కండ్లు చూస్తయి," అన్నారు.

మధ్యాహ్నం దాకా తిరిగినా పులి కనిపించలేదు. మావాడి ముఖం చిన్నబోయింది. ఆఫ్రికాలో అయితే సింహాలు సులభంగా కనపడతాయే అని వాడి బాధ. దానికి కారణం వున్నది. అక్కడి సెరెంగెటీ వంటి చోట్ల మైళ్ళకొద్దీ గడ్డిమైదానాలు. సింహాలు గుంపులుగా ఆరుబయటే పడుకుంటాయి. మన పులి అలా కాదు. ఒంటరిగా, పొదల చాటున, ఎక్కువగా రాత్రివేళ తిరుగుతుంది. దాని ఒంటి చారలు ఎండుగడ్డిలో, నీడల్లో కలిసిపోతాయి.

"మరి పులికి ఫోటో తీసేదెట్లా?" అన్నాడు మావాడు.

పెద్దాయన జీపు ఆపించి, ఒక చెట్టు దగ్గరికి తీసుకుపోయారు. మోకాలి ఎత్తున చెట్టుకు ఒక చిన్న పెట్టె కట్టివున్నది. దారికి అవతల, దానికి ఎదురుగా అటువంటిదే ఇంకొకటి.

"ఇది కెమేరా. దీన్ని మనం నొక్కం. పులే నొక్కుతది," అన్నారు పెద్దాయన.

మావాడు తెల్లబోయాడు. నిజానికి అందులో మంత్రం ఏమీ లేదు. ఒంట్లో వేడి వున్న ప్రతి జీవి నుంచీ కంటికి కనిపించని పరారుణ కిరణాలు వస్తూంటాయి. పెట్టెలో వుండే ఒక పరికరం ఆ కిరణాలను పసికడుతుంది. వెచ్చని జంతువు ఎదురుగా నడిచిపోగానే అక్కడి వేడిలో మార్పు వస్తుంది. ఆ మార్పు తెలియగానే కెమేరా ఫోటో తీసి, తేదీ, వేళ కూడా దానిమీద వేస్తుంది. పగలైనా రాత్రైనా ఒకటే.

"పనిచేస్తుందో లేదో ఎట్లా తెలుస్తుంది?" అన్నాడు మావాడు.

"నాలుగు కాళ్ళ మీద నడువు బాబూ, తెలుస్తది."

మావాడు చేతులూ మోకాళ్ళూ నేలకానించి, పులిలాగా పెట్టె ఎదుట నడిచాడు. పెట్టెలో ఎర్రదీపం మిణుకుమన్నది. ఆ పెట్టెలో ఆ రోజు పడిన మొదటి పులి మావాడే!

రెండు కెమేరాలు ఎందుకో చెప్పగలరా? మన వేలిముద్రలలాగే ఏ రెండు పులుల చారలూ ఒక్కలాగా వుండవు. అంతేకాదు, ఒకే పులికి కుడిపక్క చారలు వేరు, ఎడమపక్క చారలు వేరు. అందుచేత రెండు పక్కలా ఒకేసారి ఫోటో తీయాలి. అప్పుడే అది ఫలానా పులి అని గుర్తుపట్టవచ్చు.

మనదేశంలో 2018–19లో పులులను లెక్కించినప్పుడు 26,838 చోట్ల కెమేరాలు పెట్టారు. 3 కోట్ల 48 లక్షలకు పైగా ఫోటోలు వచ్చాయి. వాటిలో పులులున్నవి 76,651. భాగహారం చేసి చూడండి! సుమారు 450 ఫోటోలకు ఒక పులి ఫోటో అన్నమాట. వాటి నుంచి 2,461 పులులను విడివిడిగా గుర్తుపట్టారు.

ఈ ఉపాయం కొత్తది కాదు. 1906లోనే అమెరికాలో జార్జి షైరాస్ అనే ఆయన రాత్రివేళ తీసిన అడవి జంతువుల ఫోటోలు ఒక ప్రసిద్ధ పత్రికలో వచ్చాయి. 1920లలో ఛాంపియన్ అనే అటవీ అధికారి మనదేశంలో, హిమాలయాల దిగువ అడవుల్లో, పులి నడిచే దారికి అడ్డంగా సన్నని తీగ కట్టేవాడు. పులి కాలు తీగకు తగలగానే మెరుపులాంటి వెలుగు వచ్చి ఫోటో పడేది. చారలను బట్టి పులులను గుర్తుపట్టవచ్చునని ఆయన అప్పుడే గ్రహించాడు.

అంతకుముందు పులి ఫోటోలు లేవా అంటే, వున్నాయి. 1902లో వైస్రాయి కర్జన్ ప్రభువు నిజాం రాజ్యానికి వచ్చి, వరంగల్లు దగ్గర నెక్కొండ అడవుల్లో పులి వేట ఆడాడు. రాజా దీనదయాళ్ ఆ ఫోటో తీశాడు. అందులో కర్జన్ దంపతులు నిలబడి వున్నారు. వారి ముందు చచ్చిన పులి పడివున్నది. ఆ రోజుల్లో పులి ఫోటో అంటే అదే. ఆఫ్రికా సఫారీ అన్నా తుపాకులతో పోవటమే. తరవాత కాలం మారింది. మనదేశంలో 1972 నాటి చట్టం పులుల వేటను నిషేధించింది. కెన్యా దేశం 1977లో వేటను నిషేధించింది.

అయినా ఉచ్చులు పెట్టే దొంగలు ఇంకా వున్నారు. ఈ మాట చెప్పినప్పుడు పెద్దాయన గొంతు తగ్గించారు. కొన్నేళ్ళ కిందట మన చెన్నూరు అడవుల్లో కే–4 అని పేరుపెట్టిన ఆడపులి నడుముకు ఉచ్చుతీగ బిగుసుకుపోయింది. ఆ సంగతి చెప్పింది ఇటువంటి కెమేరాయే. పులికి నోరు లేదు. దాని బాధను ఆ ఫోటో చెప్పింది. దాన్ని చూశాకనే అటవీశాఖవారు తీగ తీసే ప్రయత్నానికి పూనుకున్నారు. అంతేకాదు, ఎక్కడన్నా దొంగల దగ్గర పులిచర్మం పట్టుబడితే, చారలను పాత ఫోటోలతో పోల్చి అది ఏ అడవి పులో చెప్పవచ్చు.

మావాడు చాలాసేపు మాట్లాడలేదు. మర్నాడు తెల్లవారుజామున నాకన్న ముందే లేచి జీపెక్కాడు. ఒక నీటిగుంట దగ్గర జీపు ఆపారు. వాడు కదలలేదు, మెదలలేదు. కాసేపటికి ఒక నెమలి వచ్చి నీళ్ళు తాగింది. దాని వెనక రెండు దుప్పులు వచ్చాయి. వాడు ఫోన్ జేబులోంచి తీయనేలేదు.

"ఫోటో తీయలేదేం రా?" అన్నాను తిరిగివచ్చేటప్పుడు.

"చెయ్యి కదిలిస్తే అవి నీళ్ళు తాగకుండా పోతాయి తాతా," అన్నాడు.

పిల్లలూ! మీ వూరి చెరువుగట్టున కూడా కొంగలూ, ఉడతలూ, తొండలూ వుంటాయి. వాటికి ఫోటో తీయాలని వుంటే తీయండి. కాని గూటి దగ్గరికి పోవద్దు, కొమ్మలు విరచవద్దు, రాయి విసిరి లేపవద్దు. కెమేరా లేకపోతే ఒక నోటుపుస్తకం చాలు. అరగంట కదలకుండా కూర్చుని ఏం వచ్చిందో, ఏ వేళకు వచ్చిందో, ఏం చేసిందో రాయండి. మీరు అక్కడ వున్నట్టు ఆ జంతువుకు తెలియకపోతే, మీరు నిజంగా నేర్చుకున్నట్టే.

మళ్ళీ వచ్చే నెల కలుసుకుందాం.