7 ఏళ్ల అప్‌డేట్లు సరే, మధ్యలో ఆగిపోతే?

ఇప్పుడు ఖరీదైన ఫోన్ లాంచ్ అయితే చాలు, "7 ఏళ్ల అప్‌డేట్లు" అని ఊదరగొడుతున్నారు. నేను మాత్రం ఆ అప్‌డేట్ ఎలా ఇన్‌స్టాల్ అవుతుందో ముందు చూస్తాను.

కారణం నాన్న పాత ఫోన్. అప్‌డేట్ మధ్యలో ఛార్జింగ్ అయిపోయి లోగో దగ్గరే ఆగిపోయింది. సర్వీస్ సెంటర్‌లో సాఫ్ట్‌వేర్ మళ్లీ ఎక్కించారు గానీ, అక్క పెళ్లి ఫోటోలన్నీ పోయాయి.

తప్పు నాన్నది కాదు, డిజైన్‌ది. పాత పద్ధతిలో ఫోన్ రికవరీ మోడ్‌లోకి వెళ్లి, ఉన్న సిస్టమ్ మీదే కొత్తది రాస్తుంది. మధ్యలో తేడా కొడితే వెనక్కి వెళ్లడానికి పాతది మిగలదు.

2016లో ఆండ్రాయిడ్ 7.0తో గూగుల్ ఏ/బీ పద్ధతి తెచ్చింది. సిస్టమ్‌కి రెండు స్లాట్లు ఉంటాయి. మనం ఒకదాంట్లో ఫోన్ వాడుకుంటుంటే, కొత్త వెర్షన్ రెండోదాంట్లో ఎక్కుతుంది. చివర్లో ఒక్క రీస్టార్ట్ చాలు. కొత్తది బూట్ కాకపోతే ఫోన్ పాత స్లాట్‌కే తిరిగొస్తుంది.

రెండు స్లాట్లంటే స్టోరేజ్ ఎక్కువ పోతుంది, నిజమే. కానీ 2020లో ఆండ్రాయిడ్ 11తో వచ్చిన వర్చువల్ ఏ/బీ ఆ భారాన్ని బాగా తగ్గించింది. ఆ తర్వాత కూడా పాత పద్ధతినే పట్టుకు కూర్చోవడం నాకు సాకులాగే అనిపిస్తుంది.

మా ఆఫీసులో రోల్‌బ్యాక్ ప్లాన్ లేకుండా చిన్న రిలీజ్ కూడా చేయనివ్వరు. లక్షల ఫోన్లకి పంపే బిల్డ్‌కి ఆ మాత్రం జాగ్రత్త వద్దా?

ఈసారి ఫోన్ కొనేటప్పుడు "ఎన్నేళ్లు?" అని మాత్రమే కాదు, "అప్‌డేట్ ఎక్కుతుంటే ఫోన్ వాడుకోవచ్చా?" అని కూడా అడగండి. ఏ ఫోన్ అయినా, ముందు ఫోటోలు బ్యాకప్ చేసుకోండి. నాన్నకి నేను చెప్పడం మర్చిపోయింది అదే.