కొండదారిలో మోటారు సైకిలు: హక్కా, బాధ్యతా?

వరుసగా రెండు సెలవులు వచ్చాయంటే చాలు, మన హాస్టళ్ల ముందు మోటారు సైకిళ్లు బారులు తీరుతాయి. గమ్యం వేరే అడగనక్కర్లేదు, తలకోన! చంద్రగిరి, రంగంపేట, భాకరాపేట, నెరబైలు మీదుగా పొద్దున్నే బయలుదేరితే 270 అడుగుల జలపాతం చూసి చీకటి పడకముందే తిరుపతి చేరుకోవచ్చు. "ఈ కుర్రకారుకు అడవిలో ఏం పని? బండ్లు ఆపేస్తే సరి" అనే పెద్దలున్నారు. "రోడ్డు అందరిదీ, అడ్డేమిటి?" అనే మిత్రులూ ఉన్నారు. నాకు ఈ ఇద్దరితోనూ పేచీ ఉంది.

ముందు పెద్దలకు ఒక మాట. అడవిని చూడనివాడు అడవిని కాపాడతాడా? కారు అద్దాల వెనుక కూర్చున్నవాడికి కొండ ఒక బొమ్మ. బండి మీద వెళ్లేవాడికి ఘాట్ మలుపు తిరగగానే గాలి చల్లబడటం తెలుస్తుంది, తడి ఆకుల వాసన తెలుస్తుంది. తూర్పు కనుమల దక్షిణ భాగంలో తప్ప ప్రపంచంలో మరెక్కడా సహజంగా పెరగని ఎర్రచందనాన్ని పాఠ్యపుస్తకంలో చదవడం వేరు, దాని బెరడు మీద చెయ్యి వేసి చూడటం వేరు.

ఇక మిత్రులారా! అది ఉత్త రోడ్డు కాదు. 1989లో ఏర్పడిన శ్రీ వేంకటేశ్వర జాతీయ ఉద్యానవనం. 2010 నుంచి శేషాచలం జీవావరణ రక్షిత ప్రాంతంలో భాగం. బంగారు బల్లి, దేవాంగపిల్లి వంటివి రాత్రిపూట తిరిగే ప్రాణులు. చీకట్లో మన హెడ్‌లైటూ, గొట్టం పీకేసిన సైలెన్సరూ వాటికి ఎంత బాధో ఆలోచించారా? బందీపూర్ రహదారుల మీద 2009 నుంచి రాత్రి 9 నుంచి ఉదయం 6 దాకా రాకపోకలు ఆపారు. నల్లమలలో మన్ననూరు, దోమలపెంట గేట్లదీ అదే పద్ధతి. పగలు మనకు, రాత్రి అడవికి. ఈ పంపకం న్యాయమైనదే. గేటు వేస్తేనే ఆగుతామనడం చదువుకున్నవాళ్లకు తగదు.

మన ప్రాణాల సంగతీ చూసుకోవాలి కదా. పెట్రోలు మిగులుతుందని ఘాట్‌లో ఇంజను ఆపేసి న్యూట్రల్‌లో దిగే మొనగాళ్లున్నారు. ఇంజను పట్టు తప్పితే భారమంతా బ్రేకుల మీదే పడుతుంది. అవి వేడెక్కి, అవసరమైన మలుపులో మొండికేస్తాయి. ఎక్కిన గేరులోనే దిగాలన్నది లారీ డ్రైవర్లందరికీ తెలిసిన సూత్రం. జలపాతం గుండంలో పందెం కట్టి దూకడం గురించి చెప్పేదేముంది? అలా దూకినవాళ్లలో తిరిగి రానివాళ్లున్నారు. ఆ ఇళ్లలో ఈ రోజుకీ ఏడుపు ఆగలేదు.

కోతులకు బిస్కట్లు వేస్తే జాలి అనుకుంటాం. నిజానికి వాటిని అడవి మాన్పించి రోడ్డు మీదికి, చక్రాల కిందికి లాగుతున్నాం. వేసవిలో ఎండుటాకుల మీద విసిరిన సిగరెట్టు ముక్క కొండనే కాల్చగలదు.

కనుక విద్యార్థి సంఘానికి నాదొక సూచన. వార్షికోత్సవాల ఖర్చులో కొంత తగ్గించి, ఏడాదికొకసారి అటవీశాఖ అనుమతితో తలకోన యాత్ర జరపండి. వృక్షశాస్త్రం, జంతుశాస్త్రం అధ్యాపకులు ఒక్కొక్కరు వెంట ఉండాలి. హెల్మెట్ లేనివాడు రాకూడదు. హారను మోగకూడదు. సాయంత్రం 5 గంటలకల్లా అందరూ అడవి దాటాలి. తెచ్చిన చెత్త తెచ్చినట్టే తిరిగి రావాలి. మన నడవడిక ఇలా ఉంటే, బండ్లు ఆపమనే పెద్దల నోటికి మనం వేరే జవాబు చెప్పనక్కర్లేదు.