మగవారి ఛాతీ పెరుగుదల: కత్తికి ముందు కారణం

అరవై దాటిన పురుషులు వైద్యుని వద్ద మిక్కిలి సంకోచంతో చెప్పుకునే బాధలలో ఛాతీ పెరుగుదల ఒకటి. మోకాళ్ల నొప్పుల గురించి అరగంట మాట్లాడి, లేవబోతూ "ఇంకొక్క మాట, డాక్టరుగారూ" అంటారు. పలుచని లాల్చీలు మానివేసినవారు, చొక్కా విప్పవలసి వస్తుందని కేరళ ఆలయాల యాత్రనే మానుకున్నవారు నాకు తెలుసు. వీరు శస్త్రచికిత్స మాట ఎత్తితే "ఈ వయసులో సోకులేమిటి?" అని ఇంట్లోవారు నవ్వుతారు. ఆ నవ్వు తగదు. అయితే కారణం తెలుసుకోకుండా కత్తికి సిద్ధపడడమూ తగదు.

ఈ పెరుగుదల రెండు విధాలు. మొదటిది కేవలం కొవ్వు. అతిస్థూలునికి పొట్ట, పిరుదులతోపాటు స్తనాలు కూడా జారి కదులుతాయని చరకుడు సూత్రస్థానం 21వ అధ్యాయంలో వర్ణించాడు. రెండవది స్తన గ్రంథి పెరగడం. చనుమొన వెనుక బిళ్లవలె గట్టిగా తగులుతుంది, కొందరికి నొక్కితే నొప్పి ఉంటుంది. వయసుతో పురుష హార్మోను తగ్గుతుంది. దానిలో కొంత భాగాన్ని శరీరంలోని కొవ్వు స్త్రీ హార్మోనుగా మారుస్తుంది. అందుకే వార్ధక్యంలో ఇది అరుదు కాదు.

మందులూ కారణం కావచ్చు. గుండెజబ్బుకు, రక్తపోటుకు ఇచ్చే స్పిరనోలాక్టోన్, ప్రోస్టేటు వాపుకు ఇచ్చే ఫినాస్టెరైడ్ అటువంటివి. అంతమాత్రాన వాటిని స్వయంగా ఆపరాదు. రాసిన వైద్యునితో చెబితే ప్రత్యామ్నాయం చూస్తారు. మద్యంతో చెడిన కాలేయం, మూత్రపిండాల వైఫల్యం, థైరాయిడ్ ఉద్రేకం, వృషణాలలో గడ్డ కూడా ఇలా బయటపడవచ్చు. రొమ్ము క్యాన్సర్లలో దాదాపు నూటికి ఒకటి పురుషులకే వస్తుంది. ఒకవైపే గట్టి గడ్డ, చనుమొన లోపలికి లాగడం, రక్తం కారడం, చర్మం సొట్టపడడం, చంకలో బిళ్లలు కనిపిస్తే సిగ్గు విడిచి ఆ వారమే పరీక్ష చేయించుకోవాలి.

గురుకులంలో మాకు నేర్పిన చికిత్సా సూత్రం నిదాన పరివర్జనం, అనగా రోగకారణాన్ని తొలగించడం. కొవ్వు మాత్రమే అయితే నిత్యం నడక, మితాహారం, జొన్న, ఉలవల వంటి ఆహారం, మద్యం మానడం కొంత మేలు చేస్తాయి. గ్రంథి పెరిగి కొద్ది నెలలే అయితే, కారణమైన మందు మార్చగానే తగ్గవచ్చు. ఏడాది దాటితే అది నారవలె గట్టిపడుతుంది. అప్పుడు ఏ తైలమూ, ఏ లేపమూ దానిని కరిగించలేదు. ఆయుర్వేదం పేరుతో అలా కరిగిస్తామనే ప్రకటనలను నమ్మవద్దని ఆయుర్వేద వైద్యునిగానే చెబుతున్నాను.

అటువంటి స్థితిలో శస్త్రచికిత్స న్యాయమైన మార్గం. మన శాస్త్రం దానికి విరోధి కాదు. ఎనిమిది విధాల శస్త్రకర్మలను, ఇరవై శస్త్రాలను సుశ్రుతుడే చెప్పాడు. నేడు కొవ్వును గొట్టంతో పీల్చివేస్తారు, గ్రంథిని చనుమొన అంచున చిన్న కోతతో తీస్తారు. వయసు ఒక్కటే అడ్డంకి కాదు. గుండె బలం, మధుమేహం అదుపు, రక్తాన్ని పలుచబరిచే మందులు, మత్తుకు తట్టుకునే శక్తి ముందుగా చూడాలి. పెద్ద వయసులో చర్మం బిగువు తగ్గుతుంది కనుక ముడతలు మిగలవచ్చు. రక్తం గూడుకట్టడం, చనుమొన స్పర్శ తగ్గడం వంటి చిక్కులూ ఉన్నాయి. కొన్ని వారాలు బిగుతు బనియను ధరించాలి. తీసిన కండను పరీక్షకు పంపమని తప్పక అడగండి.

ఇవన్నీ విచారించిన పిమ్మట చేయించుకోవాలో వద్దో నిర్ణయించుకునే హక్కు ఆ మనిషిదే. హాని లేదని తేలితే అలాగే ఉండిపోవడంలోనూ తప్పు లేదు. ఇంట్లోవారు చేయవలసినది ఒక్కటే. పరిహాసం మాని, పరీక్షకు ఆయన వెంట వెళ్లండి. ఎగతాళికి వెరచి దాచిన గడ్డ, శస్త్రచికిత్స కంటే ప్రమాదకరం.